ఫార్మాట్ కొట్టే ముందు: కంప్యూటర్ సర్వీసు మిత్రులకు బహిరంగ లేఖ

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల దగ్గర మదర్‌బోర్డులు పరిచి కూర్చున్నవారి నుంచి, మండల కేంద్రంలో జిరాక్సు మిషను పక్కనే స్క్రూడ్రైవర్ పట్టుకుని పనిచేసే కుర్రాడి దాకా, ఇంటి కంప్యూటర్లు బాగుచేసే మిత్రులందరికీ,

ఈ ఉత్తరం మైక్రోసాఫ్ట్‌కే రాయొచ్చు కదా, దాని పెద్ద సత్య నాదెళ్ల గారు హైదరాబాద్‌లో పుట్టినవారే కదా అన్నాడు మా స్నేహితుడు. రాయొచ్చు. కానీ మా వీధిలో సిస్టమ్ ఆన్ కాకపోతే ఎవరూ రెడ్‌మండ్‌కి ఫోన్ చెయ్యరు, మీకు చేస్తారు. ఆ ఇంట్లో అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫోటోలు, తాతగారు టైపు చేసుకున్న ఆత్మకథ, ఇంటాయన పదేళ్ల లెక్కలు ఉంటాయా పోతాయా అనేది మీ బల్ల మీదే తేలిపోతుంది. బడిలో ఈ చదువు చెప్పరు, కంప్యూటర్ అమ్మినవాడు చెప్పడు. చెప్పగలిగిన మనిషి మీరొక్కరే మిగిలారు. అందుకని మీకే రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, మీ షాపుల్లో ఇంత రద్దీ ఈ మధ్య ఎప్పుడూ లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 నిబంధనల ప్రకారం టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరందో ఆ పైదో కావాలి. దాంతో పాత మిషన్లు మీ దగ్గరికి వరస కట్టాయి. ఒకాయన కొత్త ల్యాప్‌టాప్ కొని పాతది మీకే ఇచ్చేస్తున్నాడు. ఇంకొకాయన పాతదాంట్లోనే ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటున్నాడు. ఎవరు ఏం చేయించుకున్నా, ఏళ్ల తరబడి పేరుకున్నదంతా ఒక డిస్కులోంచి ఇంకో డిస్కులోకి మారాల్సిన సమయం ఇది. పోయేదీ ఇప్పుడే.

"సార్, డేటా ఏమైనా ఉందా?" అని మీరు అడుగుతారు.

"ముఖ్యమైనవేం లేవు బాబూ, ఉన్నవన్నీ డీలోనే ఉన్నాయి" అంటాడాయన.

మీరు సరేనని పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెడతారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఆ రెండు ముక్కల మధ్య ఒక ఇంటి సామగ్రి అంతా జారిపోగలదు.

ఈ డీ నమ్మకం ఎక్కడిదో మీకు నాకంటే బాగా తెలుసు. 40 జీబీ, 80 జీబీ డిస్కుల రోజుల్లో, విండోస్ 98 మాటిమాటికీ పడకేసే రోజుల్లో, మీ ముందు తరం టెక్నీషియన్లు ఒకే డిస్కును సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇచ్చేవారు. విండోస్ పాడైతే సీని తుడిచి మళ్లీ వేసుకోవచ్చు, డీ జోలికి పోనక్కర్లేదు. ఆ కాలానికి అది తెలివైన పనే. విండోస్ చెడిపోవడం నుంచి కాపాడింది. డిస్కే చెడిపోతే? సీ, డీ అనేవి ఒకే ట్రంకుపెట్టెలో రెండు అరలు. పెట్టె ఏట్లో పడ్డాక ఏ వస్తువు ఏ అరలో ఉందని అడిగి లాభం లేదు. కానీ "డీలో పెడితే సేఫ్" అన్న మాట ఇంటింటికీ పాకి, ఇవాళ్టికీ చాలా తెలుగు ఇళ్లలో బ్యాకప్ అంటే అదే అయి కూర్చుంది. నేర్పింది మీ వృత్తివాళ్లే కాబట్టి మాన్పించాల్సిందీ మీరే.

పైగా ఉన్నవన్నీ డీలో ఉండవు. డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతి ఫైలూ సీలోనే ఉంటుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ కూడా మనం మార్చకపోతే అంతే. బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులు సీలో. అవుట్‌లుక్ వాడేవారి పాత మెయిళ్లు సీలో. ఇంట్లో కూర్చుని నాలుగు దుకాణాల పద్దులు రాసుకునేవారి ట్యాలీ డేటా కూడా, ఇన్‌స్టాల్ చేసినవారు ప్రత్యేకంగా వేరేచోట పెట్టి ఉంటే తప్ప, చాలావరకు సీలోనే. ఇవేవీ కస్టమర్‌కి తెలియవు. ఆయన దృష్టిలో డెస్క్‌టాప్ అనేది తెర మీద ఉంటుంది, డ్రైవ్‌లో కాదు.

కొత్త తరం మిషన్లలో ఇంకో తిరకాసు వచ్చింది. వన్‌డ్రైవ్ ఆన్ అయి ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దాని లోపలికి మారిపోతాయి. మీరు అలవాటుగా పాత చోట డాక్యుమెంట్స్ తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది. వన్‌డ్రైవ్ లోపల వెతికితే ఫైళ్ల పేర్లన్నీ ఉంటాయి, కానీ కొన్నిటి పక్కన చిన్న మబ్బు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్నది పేరు మాత్రమే, సరుకు ఇంటర్నెట్‌లో ఉంది. షాపులో నెట్ కలపకుండా కాపీ కొడితే అది రాదు. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, గూగుల్ ఇచ్చేది 15 జీబీ. ఒక పెళ్లి ఫోటోలకే చాలవు. అదీగాక అది అద్దం లాంటి ఏర్పాటు, ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుచుకుపోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటుందనుకోండి, ఆ కొన్నాళ్లలో ఎవరైనా చూసుకోవాలి కదా.

ఇక "ముఖ్యమైనవేం లేవు" అన్న మాట. ఈ మాట ఎందుకు అంటారో మనం పైకి ఎప్పుడూ మాట్లాడుకోం. నిజంగా ఏమీ లేక కాదు. తమ ఇంటి ఆడవాళ్ల ఫోటోలు, బ్యాంకు కాగితాలు, కోర్టు గొడవ తాలూకు స్కాన్లు ముక్కూ మొహం తెలియని కుర్రాడి ముందు తెరవడం ఇష్టం లేక. "ఉన్నాయి" అంటే మీరు వాటిని మీ షాపు సిస్టమ్‌లోకి కాపీ చేస్తారు, అది రెండు రోజులు అక్కడే ఉంటుంది, ఎవరెవరు చూస్తారో తెలియదు. అందుకని ఏమీ లేవనేస్తారు. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా మిషను తెచ్చినప్పుడు ఈ సంకోచం మీరు గమనించే ఉంటారు. పోతే పోయాయిలే అనుకుని ఇంటికెళ్లి బాధపడేవారు నాకు తెలుసు.

దీనికి మందు మీ చేతుల్లోనే ఉంది. కస్టమర్ డేటాని షాపు సిస్టమ్‌లోకి తీసుకోవద్దు. వాళ్లనే ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు తెమ్మనండి, లేదా మీరే కొత్తది అమ్మండి, అందులో లాభమూ ఉంది. వాళ్ల మిషను నుంచి వాళ్ల డిస్కులోకి, వాళ్ల కళ్లెదుట కాపీ చెయ్యండి. ఫోల్డర్లుగా కాపీ చెయ్యాలే తప్ప ఫోటోలు పెద్దవి చేసి చూడనక్కర్లేదు. తప్పనిసరై షాపు డిస్కులో పెట్టాల్సి వస్తే, ఇచ్చే రోజున వాళ్ల ముందే తుడిచి చూపించండి. "అమ్మా, మీ ఫైళ్లు నేను తెరవను, ఇక్కడ ఉంచుకోను" అని మీరు ముందే అంటే, "ఏమీ లేవు" అన్న ఆవిడే "ఇదిగో ఈ ఫోల్డర్ మాత్రం జాగ్రత్త బాబూ" అంటుంది. నేను చూశాను కాబట్టే అంటున్నాను.

పాత ధైర్యం ఒకటి ఇప్పుడు పనికిరాదని కూడా చెప్పాలి. "పొరపాటున ఫార్మాట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి లాగేస్తాం" అన్న ధైర్యం. తిరిగే హార్డ్‌డిస్కుల కాలంలో అది చాలావరకు నిజమే. క్విక్ ఫార్మాట్ అంటే ఫైళ్ల జాబితాని చెరిపెయ్యడమే తప్ప ఫైళ్లని చెరపడం కాదు. మీద కొత్త సరుకు పడనంతకాలం ఫోటోరెక్ లాంటి సాధనాలు పాతవాటిని ఏరుకొచ్చేవి. ఫుల్ ఫార్మాట్ సంగతి వేరు, విస్టా నుంచి అది డిస్కంతా సున్నాలతో నింపేస్తుంది. ఎస్‌ఎస్‌డీ వచ్చాక క్విక్ ఫార్మాట్‌కీ అదే గతి పట్టింది. విండోస్ 7 దగ్గర్నుంచి, లోపల బిగించిన ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చెయ్యగానే ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది: ఇక్కడున్న సరుకు మాకు అక్కర్లేదు, ఖాళీ చేసుకో అని. డిస్కు తన తీరికలో తనే ఊడ్చేస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా, ఏ ల్యాబుకి పంపినా ఆశ పెట్టుకోనక్కర్లేదు. పదేళ్ల కిందట మీరు ఫార్మాట్ అయిన డిస్కుల్లోంచి బయటికి తీసి మెప్పు పొందిన కస్టమర్లే ఇవాళ అదే నమ్మకంతో వస్తారు. వాళ్లకి ముందే చెప్పండి.

చావు దగ్గరపడ్డ హార్డ్‌డిస్కు సంగతి వేరు. టిక్కు టిక్కుమంటున్న డిస్కు వచ్చిందంటే అందరూ ముందు చేసే పని చెక్‌డిస్క్ నడపడం, లేదా బ్యాడ్ సెక్టార్ రిపేరు పెట్టి రాత్రంతా వదిలెయ్యడం. రోగిని పరుగు పందెంలో దింపినట్టే అని మీకు తెలియకపోదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పసుపు రంగు కనబడి, పెండింగ్ సెక్టార్ల లెక్క సున్నా దాటి ఉంటే, ఆ డిస్కుకి మిగిలిన ఊపిరి ఒక్క పనికే వాడాలి: మొత్తాన్ని ఇంకో డిస్కులోకి ఎత్తుకోవడానికి. డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం బాగున్న భాగాల్ని ముందు చదివి, మొండికేసిన చోట్లని చివరికి వదిలి, ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా అక్కడినుంచే అందుకుంటుంది. రిపేరు ప్రయోగాలన్నీ ఆ కాపీ మీద చేసుకోవచ్చు. లోపలి నుంచి గీరుతున్న చప్పుడే వస్తుంటే మాత్రం, "ఇది మా వల్ల కాదు సార్, ఇంక ఆన్ చెయ్యకండి" అనడమే గొప్ప సర్వీసు.

ఇక డిస్కు తాళం విషయం. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే చాలు, హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్కు తనంతట తాను ఎన్‌క్రిప్ట్ అవుతుంది. రేపు మదర్‌బోర్డు మారినా, ఒక్కోసారి బయోస్ అప్‌డేట్ పడినా, నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు బంగారంలా ఉన్నా డేటా లేనట్టే. ఆ కీ ఎక్కడుంటుంది? ఇన్‌స్టాల్ చేసినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో. ఆ ఖాతా ఎవరిది? ఇక్కడే మన ఊళ్ల తంతు చూడండి. పెద్దాయనకి మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండదు, ఓటీపీ వచ్చే ఫోన్ కోడలి దగ్గర ఉంటుంది, మీకు ఇంకో నాలుగు మిషన్లు వెయిటింగ్. అప్పటికప్పుడు ఏదో ఒక మెయిల్ పుట్టించి, లేదా షాపు మెయిలే కొట్టి ముందుకి పోతారు. పని అయిపోతుంది. కానీ ఆ ఇంటి తాళంచెవి ఇప్పుడు ఎవరికీ గుర్తులేని మెయిల్‌లో ఉంది. రెండేళ్ల తర్వాత ఆ మిషను ఇంకో షాపుకి వెళ్తుంది, అక్కడి కుర్రాడు ఆ నీలం తెర చూసి "ఫార్మాట్ తప్ప దారి లేదు సార్" అంటాడు. అతను చెప్పిందీ నిజమే. అందుకని కీని కాగితం మీద ప్రింటు తీసి కస్టమర్ చేతికివ్వండి, బీరువాలో దస్తావేజుల పక్కన పెట్టుకోమనండి. ఏ మెయిల్ వాడారో బిల్లు వెనకాల రాయండి.

ఇప్పుడు అసలు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి కారణమైన సంగతికి వస్తాను. డీటీపీ పని చేసినవాణ్ని కాబట్టి ఇది నాకు దగ్గరి విషయం.

విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంట్ వచ్చేదాకా మామూలు ఇళ్లలో తెలుగు టైపు చెయ్యాలంటే అను, శ్రీలిపి లాంటి సాఫ్ట్‌వేర్లే దిక్కు. ఆ తర్వాత కూడా ప్రెస్సుల్లో, పత్రికల్లో, కథలు రాసుకునే ఇళ్లలో ఏళ్ల తరబడి అవే నడిచాయి. ఇవాళ్టికీ నడుస్తున్న చోట్లున్నాయి. వాటిలో టైపు చేసింది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు, అంతే. ఆ ఫాంట్ ఉన్నంతకాలం తెర మీద ముత్యాల్లాంటి తెలుగు. ఫాంట్ లేని మిషన్‌లో అదే ఫైలు తెరిస్తే తోకలూ చుక్కలూ తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఫైలు చెక్కుచెదరలేదు, ఒక్క అక్షరం పోలేదు, కానీ చదవడానికి ఏమీ లేదు.

ఇలాంటి ఇంటికి మీరు బ్యాకప్ చేశారనుకోండి. డీలో "నాన్నగారి కథలు" అన్న ఫోల్డర్ మొత్తం కాపీ చేశారు. సైజు సరిపోయింది, ఫైళ్ల సంఖ్య సరిపోయింది. కొత్త విండోస్ వేశారు, ఫోల్డర్ తిరిగి పెట్టారు, డబ్బు తీసుకున్నారు. మీ పని పద్ధతిగానే చేశారు. కానీ ఫాంట్లు సీలో విండోస్ ఫోల్డర్ లోపల ఉండేవి, అవి పోయాయి. ఆ కథల్ని పేజీలుగా కూర్చిన పేజ్‌మేకర్ కూడా పోయింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. దాని ఫైళ్లని ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా తెరిచేది, తర్వాతి వెర్షన్లు తెరవవు. అంటే ఆ కథల్ని మళ్లీ చదవాలంటే పాత పేజ్‌మేకరో పాత ఇన్‌డిజైనో, ఆ అను ఫాంట్లు, సరిగ్గా అదే వెర్షన్‌వి, అన్నీ ఒకే మిషన్‌లో కలవాలి. రాసినాయన బతికి ఉంటే ఏం వాడాడో చెబుతాడు. పోయాక పిల్లలు సీపీయూ పట్టుకొస్తే, మీ ముందున్నది లిపి తెలియని శాసనం.

కాబట్టి తెలుగు ఇంటి కంప్యూటర్‌కి బ్యాకప్ అంటే ఫైళ్లు మాత్రమే కాదు. ఫార్మాట్ కొట్టే ముందు ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం ఎత్తిపెట్టండి, అది ఎంతో చోటు పట్టదు. అను ఇన్‌స్టలేషన్ సీడీ గానీ, దాని తాళం గానీ ఉందా అని అడగండి. పాత సిస్టమ్ ఇంకా నడుస్తున్నప్పుడే ముఖ్యమైన పేజ్‌మేకర్ ఫైళ్లని ఫాంట్లు లోపలే ఇమిడిపోయేలా పీడీఎఫ్ చేసి ఇవ్వండి. పీడీఎఫ్ అయితే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనబడుతుంది. దిద్దుకోవాలనుకునేవారికి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర అవి తడబడతాయి, ప్రూఫు ఎవరో ఒకరు చూడాలి, అది మీ పని కాదు. పాత మిషన్‌ని తుడిచేముందు ఈ అవకాశం ఉందని చెప్పడం మాత్రం మీ పనే. తుడిచాక చెబితే సానుభూతి తప్ప ఏమీ ఉండదు. రచయితల ఇళ్లలోనే ఇలా ఉంటుందనుకోకండి. కులసంఘం డైరెక్టరీలు, గుడి కరపత్రాలు, వంశవృక్షాలు, అమ్మాయి జాతకం, ఊరి బడి వార్షికోత్సవ సంచిక అన్నీ అను ఫాంట్లలో ఎవరో ఒకరి డిస్కులో పడి ఉన్నాయి.

ఫైలు కాపీ అయింది అనడానికీ, ఇంటికి తిరిగొచ్చింది అనడానికీ మధ్య ఎంత దూరమో ఈ అను ఫైళ్లు చూపిస్తాయి. పెద్ద కంపెనీలు కూడా ఆ దూరంలో బోర్లా పడ్డాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు, అర్ధరాత్రి దాకా పనిచేసి, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్‌ని తుడవడం మొదలుపెట్టాడు. సుమారు 300 జీబీ. తేరుకుని ఆపేసరికి 4.5 జీబీ మిగిలింది. సరే, బ్యాకప్‌లు ఉన్నాయిగా అని చూస్తే, వాళ్లు ఏర్పాటు చేసుకున్న ఐదు రకాల పద్ధతుల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. రోజూ జరగాల్సిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరక ఎప్పటినుంచో ఫెయిలవుతోంది. ఫెయిలయిందని పంపే మెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఎవరో తీసిపెట్టుకున్న ఒక నకలు ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల సరుకు మాత్రం పోయింది. వాళ్లు దాచుకోకుండా అదంతా ప్రపంచానికి చెప్పారు, ఆ నిజాయితీకి నాకు గౌరవం. ఐదు పద్ధతులు పెట్టుకున్నవాళ్లు ఒక్కదాన్నైనా వెనక్కి తెచ్చి చూసుకోలేదు, సంగతంతా అదే.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. మిషను తిరిగి ఇచ్చేటప్పుడు "డేటా వేసేశాను సార్" అని కవరు చేతికివ్వకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆయనతోనే తెరిపించండి. అన్నిటికంటే పాత ఫోటో ఒకటి, ఒక తెలుగు ఫైలు, నిన్నా మొన్నా వాడిన లెక్కల ఫైలు. ట్యాలీ ఉంటే కంపెనీ లోడ్ చేసి చివరి ఓచర్ తేదీ చూపించండి. ప్రింటర్‌లో ఒక పేజీ తీయించండి. ఏదైనా తెరుచుకోకపోతే పాత డిస్కు ఇంకా అక్కడే ఉంది కాబట్టి ఏమీ మించిపోలేదు.

పాత డిస్కు అన్నాను కదా, దాన్ని తొందరపడి వాడెయ్యకండి. ఎస్‌ఎస్‌డీ వేసినప్పుడు పాత హార్డ్‌డిస్కుని అదే సీపీయూలో "ఎక్స్‌ట్రా డ్రైవ్" అని ఫార్మాట్ చేసి బిగించడం మామూలైపోయింది. వద్దు. దాన్ని ఒక యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి, మీద తేదీ రాసిన చీటీ అతికించి, ఇంటికి పంపండి. కొన్ని నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు, మర్చిపోయినవన్నీ ఆ లోపు గుర్తొస్తాయి. సాధ్యమైతే ఫార్మాట్‌కి ముందు మొత్తం డిస్కు ఇమేజ్ తీసిపెట్టండి. విండోస్‌లో ఉన్న ఇమేజ్ సౌకర్యం కంట్రోల్ ప్యానెల్‌లో ఇప్పటికీ "విండోస్ 7" పేరుతోనే పడి ఉంది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఎప్పుడో వదిలేసి, బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ వాడుకోమంది. తైవాన్‌వాళ్ల క్లోన్‌జిల్లా ఉచితం, దాని తెర చూసి భయపడేవారికి రెస్క్యూజిల్లా ఉంది. ఇమేజ్ ఉంటే ఫాంట్లు, సెట్టింగులు, మనం అడగడం మర్చిపోయినవి అన్నీ అందులో ఉన్నట్టే.

ఒక చేదుమాట. యాక్టివేటర్లు, క్రాక్‌లు. ఎవరు ఎందుకు వాడతారో నాకు తెలుసు, లైసెన్సు ధర వింటే కస్టమర్ లేచి వెళ్లిపోతాడు. కానీ ఇళ్ల కంప్యూటర్లని పీడించిన స్టాప్ అనే రాన్సమ్‌వేర్ కుటుంబం ఎక్కువగా పాకింది ఈ క్రాక్‌ల లోపల దాక్కునే. 2017 మేలో వన్నాక్రై అనే ఇంకో రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే కొన్ని చిక్కుకున్నాయి, దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చి ఉంది. అప్‌డేట్లు ఆపేసి ఇచ్చే అలవాటు ఉన్నవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు యూఎస్‌బీలో తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కుని కూడా వదలదు. కాబట్టి పని అయ్యాక డిస్కు ఊడదీసి పెట్టుకోమని కస్టమర్‌కి చెప్పండి.

ఊడదీసి ఎక్కడ పెట్టాలి? చాలామంది సీపీయూ పక్క సొరుగులో పెడతారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, కింది అంతస్తుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. బల్ల మీద కంప్యూటర్‌కీ, సొరుగులో డిస్కుకీ అలాంటి నీళ్లలో తేడా ఏముంటుంది? ఫోటోగ్రాఫర్లు ఎప్పటినుంచో చెప్పుకునే లెక్క ఒకటుంది: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఇంట్లో. మన కుటుంబాలకి ఆ మూడోది తేలిక. ఒక డిస్కు పాస్‌వర్డ్ పెట్టి పక్క ఊళ్లో చెల్లెలి ఇంట్లో ఉంచొచ్చు, సంక్రాంతికి వెళ్లినప్పుడు మార్చుకోవచ్చు. పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే వాళ్లు వచ్చి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన ఒక డిస్కు పట్టదా? ఈ సలహా ఇవ్వడానికి మీకు పది సెకన్లు పడుతుంది. మీరు చెబితే వింటారు, నాలాంటివాడు పత్రికలో రాస్తే పేజీ తిప్పేస్తారు.

ఇదంతా చెయ్యడానికి టైమ్ ఎక్కడిదని మీరు అడుగుతారు. న్యాయమే. ఫార్మాట్ గంటలో అయిపోతుంది, నేను చెప్పినవన్నీ చేస్తే సగం రోజు. కస్టమర్ మాత్రం "పక్క షాపులో తక్కువకే చేస్తారు" అంటాడు. నిజానికి అతను మీకు ఇచ్చేది ఫార్మాట్‌కి డబ్బు, డేటాకి కాదు. డేటా సంగతి మాట వరసకి, మొహమాటానికి, ఊరికే చేసే పని అయిపోయింది. ఊరికే చేసే పనిని ఎవరూ ఊపిరి బిగబట్టి చెయ్యరు. కాబట్టి దాన్ని ఊరికే చెయ్యకండి. గోడ మీద మీ ధరల పట్టికలో విండోస్ ఇన్‌స్టలేషన్ ఇంత, ర్యామ్ బిగింపు ఇంత అని ఉంటుంది కదా, దాని కింద ఇంకో వరస రాయండి: పాత డేటా తీసి, కొత్త సిస్టమ్‌లో మీ ముందే తెరిచి చూపించడం, ఇంత. ఎంతన్నది మీ ఊరిని బట్టి, మీ శ్రమని బట్టి మీ ఇష్టం. బేరానికి దిగితే ఇన్‌స్టలేషన్‌లో వంద తగ్గించండి గానీ, ఆ వరసలో మాత్రం తగ్గించకండి.

ఇట్లు,
మీ షాపుల్లో కుర్చీ లాక్కుని కూర్చునే
ఒక పాత డీటీపీ మనిషి